గల్లీలో దొరికే సలహాలు, వినకూడనివి

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి దాటితే నారపల్లి. 2018లో మొదలుపెట్టిన ఫ్లైఓవర్ స్తంభాల పక్కన దుమ్ము మింగుతూ ఏళ్ల తరబడి బతికిన ఊరు. పోచారం ఇన్ఫోసిస్‌కు పోయేవాళ్ళు ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఆ ఫ్లాట్లు కట్టడానికి వచ్చిన మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు, కూలీలు వెనక గల్లీల్లో ఒంటి గదులు అద్దెకు తీసుకుని ఉండిపోయారు. వాళ్ళ ఆడవాళ్ళు అపార్ట్‌మెంట్లలో ఇంటిపనులకో, నాచారం, ఉప్పల్ కంపెనీల షిఫ్టులకో పోతారు. జనగామ, నల్గొండ, శ్రీకాకుళం, ఒడిశా, బిహార్. ఎవరి సొంతూరూ నడిచిపోయే దూరంలో లేదు. ఇంట్లో కష్టమొస్తే మేనమామో పెద్దమ్మో వచ్చి పిల్లల్ని నాల్రోజులు తీసుకుపోయే వీలు లేదు. వాళ్ళు లేని చోటికి సలహాలు వస్తాయి.

ఆ సలహాలు చెడ్డవాళ్ళు ఇచ్చేవి కావు. పక్కింటి అక్క, కిరాణా కొట్టు అన్న, ఇంటి ఓనరు, కాలనీ పెద్దమనిషి, అందరూ మంచికోరే చెప్తారు. కానీ పిల్లలు దెబ్బలు తింటున్న ఇంటి గురించి, పస్తులుంటున్న ఇంటి గురించి వచ్చే సలహాల్లో చాలావాటి వల్ల చెప్పినవాళ్ళకు ఆ రాత్రి నిద్ర పడుతుంది, పిల్లకు మాత్రం ఏమీ జరగదు. కొన్నిటివల్ల ఉన్నదానికంటే హీనమవుతుంది. తరచుగా వినబడేవి ఇక్కడ రాస్తున్నాను, ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యొచ్చో కూడా.

“వాళ్ళింటి ముచ్చట, మనకెందుకు?”

అన్నిటికంటే ముందు వచ్చేది ఇదే. రాత్రి పదింటికి గోడ అవతల మొదలవుతుంది. మొదట మగగొంతు, తర్వాత గిన్నె పడిన చప్పుడు, ఆ తర్వాత పిల్లగాడి ఏడుపు. ఈ పక్క టీవీ సౌండు పెంచుతారు. పొద్దున నీళ్ళ ట్యాంకరు దగ్గర ఆ తల్లి ముఖం చూస్తే అందరికీ అర్థమవుతుంది, ఎవరూ అడగరు. “ఏమన్న అంటే మన మీదికే వస్తడు. ఓనరుకు తెలిస్తే మనల్నే ఖాళీ చేయమంటడు.” ఈ భయం ఉత్తదని నేను అనను. అద్దె ఇళ్ళలో అది నిజమైన భయమే.

అయినా ఆ సలహా వినకండి. 2015 జూలైలో ఎల్బీనగర్ వైపు తండ్రి, సవతి తల్లి చేతుల్లో చిత్రహింసలు పడి ఆసుపత్రి పాలైన పందొమ్మిదేళ్ళ అమ్మాయి సంగతి రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు ఆ అమ్మాయి బాధ్యత తీసుకుంటానని ప్రకటించారు. అది ఇళ్ళ మధ్య, గోడకు గోడ ఆనుకుని ఉన్న నగరంలో జరిగింది. అలాంటి హింస ఒక్క రాత్రిలో మొదలై ఒక్క రాత్రిలో ముగిసేది కాదు.

పోలీసు దాకా పోవడానికి ముందు చెయ్యగలిగినవి కూడా ఉన్నాయి. గొడవ మొదలవగానే తలుపు కొట్టి కొత్తిమీర ఉందా అనో, ఫోన్ చార్జర్ ఇస్తారా అనో అడగండి. చెయ్యెత్తిన మనిషి గుమ్మంలో ఇంకో మనిషి కనిపిస్తే చాలాసార్లు దింపుతాడు. “అక్కా, పాపను మా ఇంటికి పంపు, మా పిల్లతోని ఆడుకుంటది” అని ఆ పూటకి బిడ్డను ఇవతలికి తెచ్చుకోండి. ఎవరి తప్పూ ఎత్తొద్దు. మీ ఎదుటే బిడ్డను కొట్టినా, తలుపు తీయకపోయినా, కత్తీ కర్రా కనబడినా మీరు పోవద్దు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యండి.

కళ్ళతో చూసేవి కూడా తెలిసుండాలి. ఆడుకునే పిల్లలకు దెబ్బలు తగిలేది మోకాళ్ళకు, మోచేతులకు, కాళ్ళ ముందువైపు, నుదుటికి. వీపు మీద, తొడల వెనక, చెవుల మీద, మెడ మీద కమిలితే ఆగి ఆలోచించాలి. ఇంకా పాకడం కూడా రాని పసిపిల్ల ఒంటి మీద కమిలిన మచ్చ ఉంటే ఇంకా ఎక్కువ ఆలోచించాలి. పొరపాటున వేడినీళ్ళు మీద పడితే చిందినట్టు, కారినట్టు కాలుతుంది. అట్లకాడతో పెట్టిన వాతకు అంచు తిన్నగా, గీసినట్టు ఉంటుంది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, బడిలో మొదటి తరగతి టీచరుకు ఈ తేడా ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలని నా కోరిక. రోజూ ఆ పిల్లల ఒళ్ళు చూసేది వాళ్ళే.

“1098కి చేస్తే పిల్లల్ని ఎత్తుకపోతరు”

ఈ మాట వల్ల జరిగిన నష్టం ఇంకే సలహా వల్లా జరగలేదనుకుంటాను. కష్టంలో ఉన్న తల్లి స్వయంగా సాయం అడగకుండా ఆపేది ఇదే. “నా పిల్లల్ని హోముల ఏస్తరు” అని వణికిపోయి, వచ్చిన అంగన్‌వాడీ టీచరుకు కూడా అంతా బాగుందని చెప్తుంది.

చైల్డ్‌లైన్ అనే ఈ 1098 సేవ 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నుంచి పుట్టింది, వీధి పిల్లలు తమంతట తాము ఫోన్ చేసుకోవడానికి. 2023 నుంచి దీన్ని ప్రభుత్వమే నడుపుతోంది, 112 వ్యవస్థతో కలిపింది. ఫోన్‌కి డబ్బులు పడవు. ఫోన్ వచ్చాక ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్లనే ఈ భయం పుట్టింది గనుక కాస్త వివరంగా చెప్తాను.

2015 బాల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ బాలల సంక్షేమ సమితి ఉంటుంది. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్ళలో కనీసం ఒక మహిళ. ఆపదలో ఉన్న బిడ్డను ఎవరు తీసుకొచ్చినా ప్రయాణం పట్టే సమయం పోను 24 గంటల్లోపు వీళ్ళ ముందు ఉంచాలి. సమితి కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా ఉంచవచ్చు. అక్కడ తల్లిదండ్రులను బోనులో నిలబెట్టరు. ఇంటి పరిస్థితి చూసి రమ్మని సోషల్ వర్కర్‌ను పంపుతారు. ఆ నివేదిక 15 రోజుల్లో రావాలి. బిడ్డను సొంత కుటుంబంతో ఉంచడానికి చెయ్యగలిగినదంతా చెయ్యాలని, హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని ఆ చట్టం మూల సూత్రాల్లోనే రాసుంది. గతిలేక బిడ్డను వదులుకున్న తల్లిదండ్రులను కావాలని వదిలేసినట్టు చూడకూడదని కూడా రాసుంది. బిడ్డకు ఆ రాత్రి ఆ ఇంట్లో ప్రాణానికి ముప్పు ఉంటే హోమ్‌కు పంపుతారు, పంపాలి కూడా. మిగతా ఎక్కువ ఇళ్ళలో వచ్చినవాళ్ళ పని ఇంటిని నిలబెట్టడం.

నాచారంలో బట్టల కంపెనీలో కుట్టుపని చేసే ఒక తల్లి అనుకోండి. భర్త స్లాబు మీద నుంచి పడి చనిపోయాడు. ఏడేళ్ళ కొడుకు, మూడేళ్ళ పాప. పొద్దున్నే బస్సుకి పోతూ గదికి బయట గొళ్ళెం పెడుతుంది. కొడుకు బడి మానేసి పాపను చూసుకుంటున్నాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికి అన్నం నేలమీద, పాప తడిసిన గౌనులో ఉంటుంది. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన ఆమె కొడుకు వీపు మీద చరుస్తుంది. వాడు ఏడిస్తే ఇంకోటి వేస్తుంది. ఆ తర్వాత తనూ ఏడుస్తుంది. చట్టం లెక్కలో ఇది నిర్లక్ష్యమూ అవుతుంది, దెబ్బలూ అవుతాయి. ఆ గదిలోకి వచ్చే సోషల్ వర్కర్‌కు పని తెలిస్తే ముందు తిట్టదు. కూర్చుని అడుగుతుంది: జీతమెంత, కిరాయి ఎంత, రేషన్ కార్డు ఏ ఊళ్ళో ఉంది, పాప పేరు అంగన్‌వాడీలో రాశారా, బాబు బడికి ఎన్నాళ్ళ నుంచి పోవట్లేదు, పొద్దున్నుంచి వీళ్ళేం తిన్నారు.

ఆ తర్వాతది కాగితాల పని. పాప పేరు అంగన్‌వాడీలో ఎక్కించాలి. బాబును మళ్ళీ బడిలో కూర్చోబెట్టాలి. భర్త మరణ ధ్రువపత్రం లేకపోతే తీయించాలి, దాంతో వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టాలి, అది నెలకు 2,016 రూపాయలు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో ఆయన పేరు ఉందేమో వెతకాలి, ఉంటే ప్రమాద మరణానికి సాయం వస్తుంది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది. తండ్రి చనిపోయిన, తల్లి ఒంటరిగా పెంచుతున్న, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడిన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి బోనఫైడ్, ఆధార్, ఖాతా పుస్తకం పట్టుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పోవాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉన్న కమిటీ మంజూరు చేస్తుంది. ఆ నాలుగు వేలు చేతికొస్తే ఆమె ఓవర్‌టైమ్ మానుకుని చీకటి పడకముందే ఇంటికి చేరగలదు. పిల్లవాడి వీపు మీద పడే దెబ్బల్లో చాలావాటిని అదే ఆపుతుంది.

మరి ఈ సాయం అందరికీ అందుతోందా? అందట్లేదు, ఆ సంగతి దాచకూడదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే 24 లక్షల మందికి పైగా జనం. ఆ తర్వాత ఎన్ని కాలనీలు లేచాయో ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా బస్సులో కూర్చుంటే కనిపిస్తుంది. ఇంతమందికీ జిల్లాకు ఒక్కటే బాలల పరిరక్షణ విభాగం, అందులో ఎక్కువమంది కాంట్రాక్టు ఉద్యోగులు. కలెక్టరేటేమో శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో. రోజు కూలి పోగొట్టుకుని, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని రెండు మూడు బస్సులు మారి ఆ తల్లి అక్కడిదాకా ఎన్నిసార్లు పోగలదు? నారపల్లి, బోడుప్పల్ లాంటి చోట్లకు వారానికి ఒక రోజైనా ఆ విభాగం మనిషే వచ్చి కూర్చోవాలి. ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సినది ఇది.

పిల్లల్ని వదిలి పనికి పోవడం మీద కూడా ఒక మాట. “ఏడుస్తే కొంచెం దగ్గు మందు పట్టియ్యి, పడుకుంటది” అనే సలహా అక్కడక్కడా వినిపిస్తుంది. మత్తు వచ్చే ఆ మందులు పసిపిల్లల ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. గొళ్ళెం పెట్టిన గదిలో మత్తుగా పడుకున్న పాపకు ఊపిరాడకపోతే చూసేవాళ్ళు కూడా ఉండరు. తల్లి చేతిలో ఇంకో దారి లేకపోవడం వల్లే ఈ మాట చెల్లుబాటవుతోంది. ముప్పైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి యాభైమంది ఉన్న ప్రతి సంస్థలోనూ ఉండాలన్నారు. మీ కంపెనీలో ఆ గది ఎక్కడుందో అడగండి. ఒక్కరే అడిగితే పని పోతుందని భయమైతే పదిమంది కలిసి అడగండి.

“నాలుగు తగిలిస్తే దారిలకొస్తడు”

దండం దశగుణం భవేత్ అని చదువుకున్నవాళ్ళూ, మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దవాళ్ళూ ఇదే చెప్తారు. ట్యూషన్‌కు పంపుతూ “సారూ, తోలు ఒలవండి, నేనేమనను” అని తండ్రులు అనడం మన దగ్గర ఇప్పటికీ మామూలే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్ళే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే బడిలో కొట్టడాన్ని, అవమానించడాన్ని నిషేధించింది. పిల్లల మీద క్రూరత్వం చూపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

చట్టం చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కొట్టినప్పుడు పిల్లవాడు ఆ క్షణానికి ఆగుతాడు గనుక పని చేసిందనిపిస్తుంది. వాడు నేర్చుకునేదల్లా దొరక్కుండా ఉండటం, అబద్ధం చెప్పడం. రేపు దెబ్బ ఇంకాస్త గట్టిగా పడితే తప్ప అంత మాత్రమైనా ఆగడు. అందుకే చరుపుతో మొదలైనది బెల్టు దాకా పోతుంది. చేతులు వణికేంత కోపం వచ్చినప్పుడు పిల్లవాణ్ణి వదిలి మీరే గదిలోంచి బయటికి రండి. చెంబెడు నీళ్ళు తాగండి. చెప్పాల్సింది తెల్లారి చెప్పినా వాడికి ఎక్కుతుంది. ఇది చేతకావట్లేదు, రోజూ అదుపు తప్పుతోంది అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని 2022 అక్టోబర్‌లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

తండ్రి తాగొచ్చి కొట్టే ఇళ్ళకు ఇంకో సలహా తప్పకుండా అందుతుంది: “మాల ఏపియ్యి, మారిపోతడు.” అయ్యప్ప మాల మీద నమ్మకంతో నిజంగానే మందు మానేసినవాళ్ళున్నారు, ఆ నమ్మకాన్ని తీసిపారేయను. దీక్ష నలభై ఒక్క రోజులు ఆ ఇంట్లో పిల్లలు కంటినిండా నిద్రపోతారు, అది తక్కువేమీ కాదు. కానీ మాల తీసిన రోజు నుంచి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. చాలా ఏళ్ళుగా పొద్దున్నుంచే తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే మాల వేసే ముందే డాక్టరుకు చూపించి, ఆయన చూస్తుండగా మానాలి. ఎర్రగడ్డ ఆసుపత్రిలో దానికి వైద్యం ఉంది. మత్తు మానడానికి 14446 అనే ఉచిత నంబరు ఉంది. దీక్షలో, మనసు గట్టిగా ఉన్న ఆ రోజుల్లో కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే ఆ నలభై ఒక్క రోజులు వృథా కావు. ఆ తల్లికి కూడా దెబ్బలు పడుతుంటే మహిళల సాయానికి ఉన్న 181కి చెయ్యండి, సఖి కేంద్రానికి కలుపుతారు. ఆమె ఒంటి మీద దెబ్బలు పడే ఇంట్లో పిల్లల్ని మాత్రం విడిగా కాపాడటం కుదరదు.

“హాస్టల్ల ఏసెయ్, లేకుంటే పెండ్లి చేసెయ్” అన్నది కొంచెం పెద్దపిల్లల గురించి చెప్పేది. గురుకులంలో సీటు వస్తే చదువు కోసం సంతోషంగా పంపండి. ఇంట్లో కొడుతున్నారని పంపితే మాత్రం దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలానికి ఆ పిల్ల మళ్ళీ అదే ఇంటికి వస్తుంది. ఆమె వెనక ఇంకో చిన్నవాడు అక్కడే ఉండిపోతాడు. ఇక పెళ్ళి మాటకొస్తే, పద్దెనిమిది నిండని ఆడపిల్లకు చేసే పెళ్ళిని 2006 చట్టం నేరమంది. ఒక ఇంటి దెబ్బలు తప్పించి ఇంకో ఇంటికి పంపడం కాపాడటమెలా అవుతుంది?

“ఎవరికన్న ఇచ్చెయ్, మంచిగ బతుకుతది”

మూడో ఆడపిల్ల పుట్టిన ఇంటికి, పెళ్ళి కాకుండా తల్లయిన పిల్లకు, భర్త వదిలేసిన మనిషికి ఈ మాట చెవిలో పడుతుంది. చెప్పేవాళ్ళు చాలాసార్లు ఏదో క్లినిక్‌లో పనిచేసేవాళ్ళో, వాళ్ళకు తెలిసినవాళ్ళో అయి ఉంటారు. “మంచి కుటుంబం, పిల్లలు లేరు, నీకు ఖర్చులకు ఎంతో కొంత ఇస్తరు.” 2024 మేలో మన పక్కనే పీర్జాదిగూడలో మేడిపల్లి పోలీసులు పట్టుకున్న ముఠా చేసింది అదే వ్యాపారం. ఒక ఆర్‌ఎంపీ దగ్గర మొదలైన దారం లాగితే ఢిల్లీ, పుణె దాకా పోయింది. అక్కడి పేద ఇళ్ళ పసికందులను తెచ్చి ఇక్కడ పిల్లల్లేని దంపతులకు లక్షల్లో అమ్మారు. పదిమందికి పైగా పిల్లల్ని పోలీసులు వెనక్కి తెచ్చారు. పెంచుకున్న తల్లులు ఏడుస్తుంటే ఆ బిడ్డల్ని వాళ్ళ చేతుల్లోంచి తీసుకోవాల్సి వచ్చింది. కన్నతల్లికి దక్కింది కొంచెం, దళారులకు ముట్టింది చాలా, డబ్బు పోసి కొన్నవాళ్ళకు కేసు, ఇల్లు అనుకున్నచోటి నుంచి పిల్లలు ప్రభుత్వ శిశువిహార్‌కు. అందులో ఎవరికి మంచి జరిగిందో నాకు కనబడదు.

బిడ్డను కొన్నా అమ్మినా అయిదేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష ఉంది. అయినా ఈ సలహాకు లొంగే తల్లికి కావాల్సింది భయం కాదు, దారి. నిజంగా పెంచలేననుకుంటే బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్ళి బిడ్డను అప్పగించవచ్చు. ఎవరూ అరెస్టు చెయ్యరు. ముందు కౌన్సెలింగ్ చేస్తారు, ఉంచుకోగలిగే సాయమేదైనా ఉందా అని చూస్తారు. అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఆ గడువు నిండాకే దత్తతకు పంపుతారు. దత్తత కావాలనుకునేవాళ్ళకు కూడా కారా అనే కేంద్ర సంస్థ ద్వారానే దారి, వరుసలో నిలబడాలి, ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం చూసి విసిగి క్లినిక్‌లో బేరానికి పోయే దంపతులు నాకు తెలిసిన లోకంలో చాలామందే ఉంటారు. వాళ్ళ బాధ నిజమే, కానీ వాళ్ళు ఇచ్చే డబ్బే ఎక్కడో ఇంకో పసికందును అమ్మకానికి పెడుతోంది.

“పరువు పోతది, బయటికి చెప్పకు”

ఇక్కడ ఒక్క మాట కూడా మెత్తగా చెప్పలేను. పిల్ల మీద చెయ్యి వేసినవాడు బాబాయో, ట్యూషన్ మాస్టరో, ఓనరు కొడుకో అయినప్పుడు ఈ సలహా వస్తుంది. అదే 2007 అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ఎక్కువగా చెప్పిన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. పరువు పేరుతో మూసిన తలుపు వెనక వాళ్ళే ఉండిపోతారు.

2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. పిల్ల వాంగ్మూలం తీసుకోవడానికి వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు, పిల్ల ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటో తీసుకోవాలి. 24 గంటల్లోపు సంక్షేమ సమితికి తెలియజేయాలి. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రంలో వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద జరుగుతాయి, పిల్ల ఊరంతా తిరగక్కర్లేదు. పెద్దమనుషులు కూర్చుని డబ్బు ఇప్పించి, కాళ్ళు పట్టించి ముగించే పంచాయితీకి ఇందులో చోటే లేదు, రాజీ చెల్లదు. పిల్ల మీతో చెప్పినప్పుడు మీరు చెయ్యాల్సింది ముందు నమ్మడం. “నువ్వెందుకు పోయినవ్ ఆడికి” అన్న ఒక్క ప్రశ్నతో ఆమె మళ్ళీ జన్మలో నోరు విప్పకపోవచ్చు. పదే పదే అడిగి చెప్పించొద్దు. తను చెప్పిన మాటలు చెప్పినట్టే రాసిపెట్టుకోండి.

ఈ మధ్య దీనికి సరిగ్గా ఎదురు సలహా ఒకటి వచ్చింది: “వీడియో తీసి గ్రూపుల పెట్టు, అందరికీ తెల్వాలె.” దెబ్బల వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే కోపంతో ఉన్నవాళ్ళు వందమంది చేరతారు, పిల్ల ముఖం మాత్రం ఎప్పటికీ ఎక్కడో ఉండిపోతుంది. పిల్ల ఎవరో తెలిసేలా బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. వీడియో తీసి ఉంటే పోలీసుకో, సోషల్ వర్కర్‌కో చూపించండి, ఇంకెవరికీ వద్దు.

“ఒకసారి చెప్పినం గద, ఇగ వాళ్ళే చూసుకుంటరు”

చూసుకోకపోవచ్చు. శాంతా సిన్హా మొదలుపెట్టిన ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి అప్పటి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చింది. ఆ సంస్థవాళ్ళు తల్లిదండ్రులతో తగువు పెట్టుకోకుండా, విసుగు లేకుండా ఒకే ఇంటికి మళ్ళీ మళ్ళీ పోయారు. ఊళ్ళోవాళ్ళనే బాలల హక్కుల వేదికలుగా కూర్చారు, పిల్లవాడు నాల్రోజులు బడికి రాకపోతే అడిగే మనుషులు ఆ ఊళ్ళోనే ఉండేలా. నారపల్లి కాలనీ సంఘాలు నీళ్ళ గురించి, రోడ్డు గురించి కలుస్తాయి, కొట్లాడతాయి. ప్రతి సమావేశంలో ఒక పది నిమిషాలు, ఏ గల్లీలో ఏ పిల్ల బడికి పోవట్లేదు, ఏ గది మీద పగలంతా గొళ్ళెం ఉంటోంది అని మాట్లాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేర్లు అక్కడే ఉండాలి, బయటికి పోకూడదు.

1098కి ఫోన్ చేసినప్పుడు మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. పిల్ల వయసు, మీరు కళ్ళారా చూసింది, చెవులారా విన్నది, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఇంట్లో ఇంకా ఎవరున్నారు, ఇవి చెప్పండి. ఊహించింది విడిగా చెప్పండి. వెనక గల్లీల్లో ఇంటి నంబర్లు వరుసలో ఉండవు కాబట్టి ఏ వాటర్ ట్యాంకు దగ్గర తిరగాలో, ఏ కిరాణా కొట్టు ఎదురు సందో, ఎన్నో అంతస్తో చెప్పండి. లేకపోతే వచ్చినవాళ్ళు ఇల్లు దొరక్క తిరిగి వెళ్ళిపోతారు. ఫిర్యాదు ఎక్కించుకున్న నంబరు అడిగి కాగితం మీద రాసుకోండి. పదిహేను రోజులకు ఆ నంబరు చెప్పి ఎవరొచ్చారు, ఏం చేశారు అని అడగండి. మధ్యలో మళ్ళీ ఆ ఏడుపు వినిపిస్తే పదిహేను రోజులు ఆగొద్దు, ఆ రాత్రే 112కి చెయ్యండి.